పదో తరగతి ఫేర్‌వెల్‌లో డ్యాన్స్ ప్రోగ్రామ్: పిల్లలూ పెద్దలూ కలిసి ఎట్లా చేయాలి

తిరుపతి, చిత్తూరు వైపు హైస్కూళ్ళలో సంక్రాంతి సెలవులయ్యి బడి తెరవగానే పదో తరగతి పిల్లల నోట్లో ఒకటే మాట: ఫేర్‌వెల్ ఎప్పుడు, డ్యాన్స్ ఏ పాటకి. అదే టైంలో స్టాఫ్ రూమ్‌లో ఇంకో మాట నడుస్తుంటుంది: ప్రీ ఫైనల్స్ నెత్తి మీదికొచ్చాయి, ఈ ఎగురుడంతా ఇప్పుడెందుకు అని. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే ఎవరో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడిపోయేలా కాకుండా, ఇద్దరూ కూర్చుని చేసుకునే పద్ధతి ఒకటి రాస్తున్నాను. ప్రభుత్వ హైస్కూల్‌ని మనసులో పెట్టుకుని రాశాను, ప్రైవేట్ బళ్ళకి కూడా చాలావరకు పనికొస్తుంది.

చాలా చోట్ల కలిసి చేశాం అంటారు గానీ, చూస్తే కుర్చీలు మోసేది, గ్రౌండ్ ఊడ్చేది, రంగు కాగితాలు అంటించేది పిల్లలు. పాటలేంటి, ఎవరు స్టేజి ఎక్కాలి, ఎన్ని గంటలకి ఆపాలి అనేదంతా పెద్దలు. అది కలిసి చేయడం కాదు, పని చేయించుకోవడం. ఇంకొన్ని చోట్ల దీనికి తలకిందులుగా, మీరే చూసుకోండిరా అని పిల్లలకి వదిలేస్తారు, చివరి రోజు సౌండు, గొడవ, ఏడుపులు చూసి వచ్చే ఏడాది నుంచి ఏమీ వద్దంటారు. నిర్ణయంలోనే వాటా ఇస్తే పిల్లలు బాధ్యత తీసుకుంటారు, ఇది నేను గట్టిగా నమ్మే మాట. కాబట్టి మొట్టమొదటి పని ఏ నిర్ణయం ఎవరిదో ఒక తెల్లకాగితం మీద రాసుకోవడం.

పాటలు ఎంచుకోవడం, గ్రూపులు కట్టుకోవడం, ఐటమ్‌ల వరస, యాంకరింగ్, డ్రస్సులు, స్టేజి వెనక బొమ్మలు, ఇవి పిల్లలవి. తేదీ, ముగించే టైము, ఖర్చు ఎంత దాటకూడదు, పర్మిషన్లు, కరెంటు, పిల్లలు ఇళ్ళకి చేరడం, ఇవి పెద్దలవి. పాటల చివరి జాబితా, ఫోన్ల సంగతి, ఎవరి పేరైనా తీసేయాల్సి వస్తే ఆ విషయం, ఈ మూడూ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. ఆ కాగితం మీద హెచ్.ఎం. గారి సంతకం, పిల్లల్లో ఇద్దరి సంతకం చేయించి నోటీస్ బోర్డులో పెట్టండి. మధ్యలో ఎవరైనా మాట మార్చబోతే కాగితమే చెప్తుంది, మనుషులు పోట్లాడుకోనక్కర్లేదు.

కమిటీలో పిల్లలు ఆరు నుంచి ఎనిమిది మంది చాలు, ఆడపిల్లలూ మగపిల్లలూ సమానంగా, ప్రతి సెక్షన్ నుంచీ. బాగా డ్యాన్స్ చేసేవాళ్ళనే వేయకండి. అసలు స్టేజి ఎక్కనని భీష్మించుకున్న పిల్ల ఒకరు, హాస్టల్లో ఉండే అబ్బాయి ఒకడు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే సాయంత్రం ప్రాక్టీస్ అంటే హాస్టల్ వార్డెన్ గారి పర్మిషన్ కావాలన్న సంగతి ఊళ్ళో ఇళ్ళనుంచి వచ్చే పిల్లలకి తట్టదు. పెద్దల వైపు క్లాస్ టీచర్, పీఈటీ సారు, ఒక తల్లి, ఒక తండ్రి. తల్లిదండ్రుల కోసం వెతుక్కోనక్కర్లేదు, 2009 విద్యాహక్కు చట్టం కింద ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండనే ఉంటుంది, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చట్టంలోనే ఉంది. ఆ కమిటీని సంతకాలకే కాకుండా ఇట్లాంటి పనికి కూడా పిలవండి, సంతోషంగా వస్తారు.

తేదీ

పబ్లిక్ పరీక్షలు మామూలుగా మార్చి మధ్యలో మొదలవుతాయి, ప్రీ ఫైనల్స్ ఫిబ్రవరిలో ఉంటాయి. కాబట్టి జనవరి ఆఖరి వారం లేదా ఫిబ్రవరి మొదటి వారం అన్నిటికంటే మంచిది. జనవరి 26కి ఎట్లాగూ జెండా వందనం రోజు నాలుగు ఐటమ్‌లు చేస్తారు కదా, వాటిలో రెండింటిని ఫేర్‌వెల్‌కి కూడా వాడుకుంటే అంత ప్రాక్టీస్ మిగిలినట్టే. మన ఊళ్ళో ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. రథసప్తమి రోజు తిరుపతిలో ట్రాఫిక్ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు, శివరాత్రికి అటు శ్రీకాళహస్తిలో, ఇటు కపిలతీర్థంలో బ్రహ్మోత్సవాలు, పోలీసులూ బస్సులూ అటే ఉంటాయి. మాఘమాసం పెళ్ళి ముహూర్తాలు ఉన్న రోజుల్లో షామియానా, మైక్ సెట్ దొరకవు, దొరికినా రెట్టింపు అడుగుతారు. క్యాలెండర్ తీసి ముహూర్తం లేని పని దినం చూడండి, అద్దె తగ్గుతుంది, మంచి బాక్సులు కూడా దొరుకుతాయి.

హాలు కావాలా అని పిల్లలు అడుగుతారు. తిరుపతిలో మహతి ఉంది, చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది, నిజమే. కానీ ఒక్క క్లాసు ఫేర్‌వెల్‌కి అంత పెద్ద చోటు అక్కర్లేదని నా అభిప్రాయం. బడి ఆవరణలో చేస్తే అద్దె లేదు, రాకపోకల ఖర్చు లేదు, పైగా తొమ్మిదో తరగతి పిల్లలు చూస్తారు, వచ్చే ఏడాది వాళ్ళకి పని తెలిసి ఉంటుంది.

పాటలు

అసలు గొడవ ఇక్కడే వస్తుంది, కాబట్టి టైమ్ అంతా ఇక్కడ పెట్టండి. పిల్లలు తెచ్చే పాట బీట్ బాగుంటుంది, మాటల్లో డబుల్ మీనింగ్ ఉంటుంది, టీచర్ వద్దంటారు, పిల్లలు అలుగుతారు. దీనికి నాకు తెలిసిన ఒకే ఒక్క మంచి మార్గం చెప్తాను. పాట ఎంచుకున్న గ్రూపు ఆ పాట మొత్తం సాహిత్యం సొంత చేత్తో కాగితం మీద రాయాలి. కమిటీ కూర్చున్నప్పుడు మ్యూజిక్ లేకుండా, గ్రూపులో ఒకరు నిలబడి ఆ కాగితం పైకి చదవాలి. అంతే. చదువుతుంటేనే కొన్ని పాటలు వాళ్ళే మడిచి జేబులో పెట్టేసుకుంటారు, ఎవరూ వద్దనక్కర్లేదు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, వద్దు అనే మాట పెద్దల నోటినుంచి కాకుండా వాళ్ళ లోపలినుంచే వస్తుంది.

మిగిలిన వాటి దగ్గర మాట ఇట్లా నడవాలి. పిల్ల అంటుంది: "మేడమ్, బీట్ కోసమే మేడమ్, మాటలు ఎవురు వింటారు?" టీచర్ కేకలేయకుండా, "సరేమ్మా, మీ నాయన ముందు వరసలో కూర్చోనుంటాడు, ఆ రెండో చరణం ఆయన ఎదురుగా చదువుతావా?" అని అడిగితే చాలు. పిల్ల కాసేపు ఆలోచించి, "ఆ చరణం కోసేసి మ్యూజిక్ బిట్ పెట్టుకుంటాం మేడమ్" అంటుంది. పాట ఉంది, పరువూ ఉంది. పెద్దలకి నేను చెప్పేది ఒకటే, వద్దన్నప్పుడు కారణం చెప్పండి, ఇంకో దారి కూడా మీరే చూపండి. వద్దంటే వద్దు అన్న మాటతో పదిహేనేళ్ళ పిల్లల్ని ఒప్పించలేం. అట్లాగే సినిమా పాట అనగానే ముఖం చిట్లించకండి, అది వాళ్ళ పండగ.

మన వైపు తమిళ పాటలు కూడా వస్తాయి, కుప్పం, నగరి, పుత్తూరు పక్కన అయితే మరీ. అర్థం తెలియకుండా ఓకే చేయకండి. క్లాసులో ఇంట్లో తమిళం మాట్లాడే పిల్ల ఒకరైనా ఉంటారు, వాళ్ళనే అర్థం చెప్పమనండి, ఆ పిల్లకి కూడా గౌరవంగా ఉంటుంది.

ఒక ఐటమ్ మాత్రం మన ఊరిది ఉంటే బాగుంటుంది. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లో కోలాటం, చెక్కభజన నేర్పే గురువులు ఉన్నారు, తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనాల ముందు ఆడే బృందాల్లో ఇట్లాంటి పల్లెల వాళ్ళు కూడా ఉంటారు. ఒక తల్లి ఆ బృందంలో ఉందో లేదో అడిగి చూడండి. "అమ్మా, మా పిల్లోళ్ళకి ఒక కోపు (కోలాటంలో ఒక ఆట వరస) నేర్పండి" అంటే కాదనేవాళ్ళు తక్కువ. తిరుపతిలో అయితే టీటీడీ నడిపే ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉంది, అక్కడ కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునేవాళ్ళని అడగొచ్చు. గంగ జాతర వేషాలు, అంటే బైరాగి వేషం, దొర వేషం, మాతంగి వేషం లాంటివి వేస్తామని పిల్లలు ఉత్సాహపడితే ఆ వీధి పెద్దల్ని ఒక మాట అడిగి, నవ్వులాటగా కాకుండా చేయండి. అది జనం మొక్కుగా వేసే వేషం.

చివరి ఐటమ్‌గా కోలాటం పెట్టి, స్టేజి మీద కాకుండా కింద గ్రౌండ్‌లో గుండ్రంగా అందరినీ పిలిస్తే, టీచర్లూ తల్లులూ కూడా కలుస్తారు. పిల్లలు ఆఖర్లో డీజే కావాలని అడిగేది అందరం కలిసి ఎగరాలనే కదా, అది ఇక్కడ తీరుతుంది. పది నిమిషాలు కోలాటం, దాని వెంటే పిల్లలు ముందే ఒప్పించుకున్న రెండు బీట్ పాటలు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఎగరడం మీద ఇళ్ళల్లో పట్టింపులు ఉంటాయి, లోపలి వలయం ఒకరిది, బయటి వలయం ఒకరిది అని కమిటీలో ఉన్న ఆడపిల్లలే తేల్చమనండి, వాళ్ళకి ఎట్లా ఇబ్బంది లేదో వాళ్ళకే తెలుసు.

ప్రాక్టీస్, లెక్కలు

పాట మూడు, మూడున్నర నిమిషాలకి కట్ చేయండి. పన్నెండు ఐటమ్‌లు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు వేసుకున్నా 48 నిమిషాలు, మధ్యలో మారడానికి రెండేసి నిమిషాలు అంటే ఇంకో 24, మొత్తం గంటా పన్నెండు నిమిషాలు. ఇదే పాటలు ఐదేసి నిమిషాలు ఉంటే, గ్రూపులు ఆలస్యంగా ఎక్కితే రెండు గంటలు ఎట్లా దాటుతుందో పిల్లలకి బోర్డు మీద లెక్క వేసి చూపించండి, వాళ్ళే కట్ చేసుకుంటారు. ఒక పిల్ల గరిష్ఠంగా రెండు ఐటమ్‌లలోనే ఉండాలి. లేకపోతే బాగా చేసే ఐదుగురే అన్నిట్లోనూ కనిపిస్తారు, మిగతా క్లాసంతా ప్రేక్షకులవుతుంది. చేస్తానని పేరిచ్చిన ప్రతి ఒక్కరికీ చోటుండాలి, స్టెప్పులు రానివాళ్ళకి వెనక వరసలో తేలిక స్టెప్పులు ఇవ్వండి, సెలక్షన్ పెట్టి తీసేయకండి. ఇది పోటీ కాదు.

షామియానా అతన్ని స్టేజి కొలత ముందే అడగండి. ఇరవై అడుగుల వెడల్పు, పదహారు అడుగుల లోతు అనుకుంటే, ఒక్కొక్కరికి నాలుగడుగుల చోటు వదిలితే ముందు వరసలో నలుగురైదుగురు, మొత్తం ఎనిమిది మంది హాయిగా చేస్తారు. ఆ కొలతతో గ్రౌండ్‌లో సున్నంతో గడి గీసి, రోజూ అందులోనే ప్రాక్టీస్ చేయించండి. క్లాసు రూములో బెంచీలు జరిపి నేర్చుకున్న గ్రూపు స్టేజి ఎక్కగానే ఒకరికొకరు తగులుకునేది, చివరి వాడు అంచు దాకా పోయేది ఈ గడి లేకే. అంచు నుంచి అడుగున్నర లోపలికి ఇంకో గీత గీసి, అది దాటొద్దని చెప్పండి.

టైము మాత్రం స్టడీ అవర్‌ని ముట్టుకోకూడదు. బడి వదిలాక నలభై నిమిషాలు, వారానికి మూడు రోజులు, మొత్తం మూడు వారాలు చాలు. ఆ మాట పిల్లలే హెచ్.ఎం. గారి దగ్గరికెళ్ళి చెప్పాలి: "సార్, స్లిప్ టెస్టులకి ఎవరూ డుమ్మా కొట్టం, కొడితే ఆ రోజు ప్రాక్టీస్ ఉండదు." ఈ షరతు వాళ్ళు పెట్టుకున్నదైతే వాళ్ళే కాపలా కాస్తారు. డ్యాన్స్ మాస్టర్‌ని బయట నుంచి తెస్తామంటే వద్దనను, కానీ ప్రాక్టీస్ జరిగేటప్పుడు ఒక టీచరో ఒక తల్లో అక్కడ కూర్చోవాలి, ఎంత తెలిసిన మాస్టర్ అయినా సరే. ఇది మొహమాటపడే విషయం కాదు.

తల్లిదండ్రులకి చీటీ పంపండి, నాలుగు లైన్లు చాలు: "మీ అమ్మాయి / అబ్బాయి ఫేర్‌వెల్‌లో ఫలానా ఐటమ్‌లో ఉంది. ప్రాక్టీస్ ఫలానా రోజుల్లో సాయంత్రం ఇన్ని గంటల దాకా. ప్రోగ్రామ్ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. డబ్బు కట్టడం తప్పనిసరి కాదు. ఇంటికి ఎట్లా వస్తారో కింద రాసి సంతకం చేయండి." ఆఖరి లైన్ ముఖ్యం. ఎవరు సైకిల్, ఎవరు బస్సు, ఎవరికోసం ఇంట్లోవాళ్ళు వస్తారు అనేది ఆ చీటీల్లోంచి ఒక జాబితా రాసి పీఈటీ సారు చేతిలో ఉండాలి. పల్లెలకి వెళ్ళే చివరి బస్సు ఎన్నింటికో కనుక్కుని, దానికి గంట ముందు ప్రోగ్రామ్ ఆపేయాలి, ఎంత బాగా జరుగుతున్నా సరే. తల్లులు రావడానికి వెనకాడితే ఒక మాట గుర్తు చేయండి, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బు లేదు, ఆధార్ కార్డు తెచ్చుకుంటే చాలు.

డబ్బు

చందా తలకింత అని పెట్టకండి. ఇవ్వగలిగినవాళ్ళు కవర్‌లో పెట్టి ఇస్తారు, ఇవ్వలేనివాళ్ళ పేరు ఎవరికీ తెలియకూడదు, క్లాసులో లేపి అడగడం అసలు ఉండకూడదు. ఒక టీచరు, ఒక పేరెంటు, ఒక పిల్ల, ముగ్గురూ కలిసి లెక్క రాయాలి. పూర్వ విద్యార్థులు ఊళ్ళో దుకాణాలు నడుపుతుంటారు, వాళ్ళని డబ్బు బదులు వస్తువు అడగండి, ఒకరు మంచినీళ్ళ క్యాన్లు, ఒకరు కుర్చీలు. డ్రస్సులు అద్దెకి తేవడం దగ్గరే ఖర్చు పెరుగుతుంది. పట్టు లంగా, ఓణీ, తెల్ల చొక్కా, పంచె, కండువా దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి, వాటితోనే కలర్ కాంబినేషన్ చేసుకోమని పిల్లలకి చెప్తే భలే ఐడియాలు తెస్తారు. ఫ్లెక్సీ బదులు పాత దుప్పటి మీద వాళ్ళే బొమ్మ వేస్తే డ్రాయింగ్ వచ్చిన పిల్లలకి పేరొస్తుంది. తినడానికి చిత్రాన్నం, పెరుగన్నం తల్లులు కలిసి వండితే అంతకంటే ఏం కావాలి, కానీ డ్యాన్స్ చేసేవాళ్ళకి ముందు మజ్జిగ, అరటిపండు, అన్నం తర్వాత.

మైకు, కరెంటు, ఫోన్లు

మైకు పెట్టే ముందు పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా పర్మిషన్ అడగండి, హెచ్.ఎం. గారి లెటర్‌తో ఒక పేరెంట్ వెళ్తే సరిపోతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్ పెట్టకూడదని అందరికీ తెలుసు. కానీ అదే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఆసుపత్రులు, బళ్ళు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలుంది, అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్, మామూలు నివాస ప్రాంతంలో 55. కాబట్టి బాక్సులు జనం వైపు, లోపలికి తిప్పి పెట్టించండి, రోడ్డు వైపు హారన్లు వద్దు. రుయా, స్విమ్స్ లాంటి ఆసుపత్రుల దగ్గర బడి అయితే మరీ జాగ్రత్త. పక్కిళ్ళకి పిల్లలే వెళ్ళి "అక్కా, ఈ ఒక్క సాయంత్రం" అని చెప్పి వస్తే సగం ఫిర్యాదులు పుట్టవు.

పాటలన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో, 01, 02 అని వరస నంబర్లతో పెట్టండి, ఇంకో పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉంచండి. ఫోన్ నుంచి బ్లూటూత్‌తో వద్దు, పాట మధ్యలో కాల్ వస్తే స్టేజి మీద పిల్లలు అట్లాగే నిలబడిపోతారు. తప్పదంటే ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైరు తగిలించండి. సౌండ్ అతని పక్కన ఒక పిల్ల లిస్టు పట్టుకుని కూర్చోవాలి, ఇంకో పిల్ల స్టేజి పక్కన తర్వాతి గ్రూపుని నిలబెట్టాలి. ఈ ఇద్దరూ డ్యాన్స్‌లో లేకపోతే మంచిది. పగలే కాబట్టి లైట్ల గొడవ లేదు, కానీ స్టేజి పడమర వైపు తిరిగి ఉంటే నాలుగు దాటాక ఎండ పిల్లల కళ్ళలో కొడుతుంది, వేసేటప్పుడే చూసుకోండి.

దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతారు కదా, వైర్లు పరిచాక చల్లకండి. వైరు షామియానా ఇనుప గొట్టానికి చుట్టి ఉంటే తీయించండి, అతుకులకి టేపు వేయించండి. కార్పెట్ కింద మేకులు పైకి ఉన్నాయేమో ఒక పెద్దాయన చెప్పుల్లేకుండా స్టేజి మీద నడిచి చూడాలి, పిల్లలు ఒట్టి కాళ్ళతో ఆడతారు. పొగ, నిప్పు, పటాసులు వద్దు, దీని మీద చర్చే వద్దు. ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఐస్, ఒక బండి సిద్ధంగా ఉండాలి, పెద్ద దెబ్బ అయితే 108కి ఫోన్.

ఫోన్ల సంగతి తల్లిదండ్రులు అన్నిటికంటే ఎక్కువ భయపడేది, వాళ్ళ భయం నిజమైనది. ఆడపిల్ల డ్యాన్స్ ముక్క ఎవడో రీల్ చేసి పెడితే, ఆ కామెంట్లు ఆ ఇంట్లో ఎంత దూరం పోతాయో తెలియదు, చదువు మానిపించే ఇళ్ళు కూడా ఉన్నాయి. అందుకని వీడియో తీసేది ఒకే ఒక్కరు, బడి ఎంచినవాళ్ళు. పిల్లలు, వచ్చినవాళ్ళు తీయకూడదని గేటు దగ్గర బోర్డు, యాంకర్ నోట రెండుసార్లు ప్రకటన. ఆడపిల్లలు డ్రస్ మార్చుకునే గది దగ్గర ఇద్దరు తల్లులు కూర్చోవాలి, లోపలికి ఫోన్ వెళ్ళకూడదు, కిటికీలు మూసి దుప్పటి కట్టాలి. గేటు దగ్గర పేర్ల జాబితా పెట్టి తెలియనివాళ్ళని రానివ్వకండి. సినిమా పాటల విషయంలో కూడా ఈ గేటు కట్టడి పనికొస్తుంది: 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం బడి కార్యక్రమంలో పాట వేసుకోవడానికి మినహాయింపు ఉంది, చూసేవాళ్ళు బడివాళ్ళు, తల్లిదండ్రులు వంటివాళ్ళే అయినప్పుడు. యూట్యూబ్‌లో పెట్టడం దాని కిందికి రాదు.

ఆ రోజు

ఉదయం ఒకసారి మొత్తం వరస స్టేజి మీద నడిపించండి, పూర్తి డ్యాన్స్ వద్దు, ఎక్కడం దిగడం మాత్రమే. ఉపన్యాసాలు డ్యాన్సులకి ముందు అరగంటలో అయిపోవాలి, మధ్యలో పెద్దలెవరైనా వచ్చినా మైకు ఇవ్వకండి, తాంబూలం ఇచ్చి ముందు వరసలో కూర్చోబెట్టండి. ఎవరైనా స్టెప్ మర్చిపోయి ఆగితే యాంకర్ చప్పట్లు కొట్టించి పాట మొదటి నుంచి వేయిస్తారని ముందే పిల్లలకి మాట ఇవ్వండి, ఆ మాట వింటేనే సగం టెన్షన్ పోతుంది.

అయిపోయాక గ్రౌండ్ ఊడ్చేది పిల్లలే కాదు, టీచర్లూ వచ్చిన తండ్రులూ కూడా చీపురు పట్టాలి. మర్నాడు బిల్లులు, మిగిలిన డబ్బు లెక్క నోటీస్ బోర్డులో, ఏ నిర్ణయం ఎవరిదో రాసిన అదే కాగితం పక్కన. అద్దె డ్రస్సులు ఆ సాయంత్రమే ఎంచి మూట కట్టేయండి. వీడియో పిల్లలకి వెంటనే ఇవ్వకండి, పబ్లిక్ చివరి పరీక్ష అయిన రోజు తల్లిదండ్రులకి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. కమిటీ రాసుకున్న జాబితాలు, ఫోన్ నంబర్లు, రేట్లు, ఏది కుదరలేదో అన్నీ ఒక ఫైల్లో పెట్టి తొమ్మిదో తరగతి లీడర్ల చేతికి ఇచ్చేయండి.